చేతులతో సైన్సు: 6, 7, 8 తరగతులకు కాబోయే టీచర్లను తయారుచేయడం ఎలా?

బి.ఎడ్ మెథడాలజీ పరీక్షలో కృత్యాధార బోధన (పిల్లల చేత పనులు చేయించి నేర్పడం) గురించి నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల చేతికే రెండు సెల్స్, ఒక టార్చిలైటు బల్బు, జానెడు తీగ ఇచ్చి, హోల్డరు లేకుండా వెలిగించమంటే చాలామంది తడబడతారు. తప్పు వాళ్లది కాదు. బడి నుంచి డిగ్రీ దాకా ప్రయోగం అంటే సారు బల్ల మీద చేస్తుంటే వెనక బెంచీ నుంచి చూడటం, ఆ తర్వాత సీనియర్ల రికార్డు పక్కన పెట్టుకుని బొమ్మ దించుకోవడం. అలా నేర్చుకున్నవాళ్లు రేపు తమ తరగతిలోనూ ప్రయోగం చూపిస్తారే గానీ చేయించలేరు. చూపించడానికి ఒక్క సెట్టు సామాను, స్థిరమైన చేయి ఉంటే చాలు. నలభైమంది పిల్లల చేత చేయించాలంటే మాత్రం అది ఎన్ని రకాలుగా పాడవుతుందో ముందే తెలిసి ఉండాలి.

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో బి.ఎడ్, డి.ఎడ్ కాలేజీల్లో సైన్సు మెథడాలజీ చెప్పే అధ్యాపకులకూ, అక్కడ చదువుతున్న ఛాత్రోపాధ్యాయులకూ ఈ మార్గదర్శి. సామాన్లన్నీ ఇక్కడి బజార్లలో దొరికేవే.

ఒక్కో ప్రయోగం, మూడుసార్లు

పద్ధతి చిన్నదే. ఏ ప్రయోగమైనా ఛాత్రోపాధ్యాయుల చేతుల్లోంచి మూడుసార్లు వెళ్లాలి. మొదటిసారి పిల్లలుగా కూర్చుని, జవాబు తెలియనట్టే చేస్తారు. రెండోసారి మెకానిక్కుల్లా, కావాలని పాడుచేసిన ప్రయోగాన్ని పట్టుకుని లోపం వెతుకుతారు. మూడోసారి టీచర్లుగా, గడియారం ముందు పెట్టుకుని తోటివాళ్ల చేత చేయిస్తారు.

కాలేజీల్లో సాధారణంగా మూడోదానితోనే మొదలుపెడతారు. లెసన్ ప్లాన్ రాయించి, సూక్ష్మ బోధన (తోటివాళ్ల ముందు కొద్ది నిమిషాల చిన్న పాఠం) చేయించి, ఇంటర్న్‌షిప్‌కి పంపేస్తారు. అసలు పని మొదటి రెండింటిలోనే ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలోనూ టీచర్లు ముందు విద్యార్థుల్లా కూర్చుని ప్రయోగాలు చేశాకే తరగతికి వెళ్లేవారు. మామూలు గ్రామీణ బడుల్లో ఆ కార్యక్రమం 2002 దాకా నడిచింది. కాబట్టి ఖరీదైన ల్యాబ్ లేదన్నది సాకుగా చెప్పుకోవద్దు.

ఒక్కో ప్రయోగానికి రెండేసి గంటల చొప్పున మూడు సిట్టింగులు కేటాయించండి. ఏడాదికి పన్నెండు ప్రయోగాలు ఇలా అయితే చాలు. నలభై ప్రయోగాలు పైపైన చూపించడం కన్నా ఇది ఎంతో మేలు.

ముందు పెట్టె సిద్ధం చేసుకోండి

నలభైమంది పిల్లల తరగతికి నలుగురేసి చొప్పున పది గుంపులు. ప్రతి వస్తువూ పది సెట్లు, పైన మూడోవంతు అదనం. ఈ అదనం దగ్గర పిసినారితనం వద్దు. పదింటిలో ఒక బల్బు మాడిపోయిందంటే నలుగురు పిల్లలు ఆ పీరియడంతా పక్కవాళ్లను చూస్తూ కూర్చుంటారు.

కరెంటు పాఠానికి: పెద్ద టార్చి సెల్స్ 40, 2.5 వోల్టుల టార్చి బల్బులు 26, ప్లాస్టిక్ తొడుగు ఉన్న సన్నని తీగ 10 మీటర్లు, ఎమిరీ పేపర్ రెండు షీట్లు, ఇన్సులేషన్ టేపు రెండు చుట్టలు. సెల్స్ మామూలు జింక్-కార్బన్‌వే కొనండి. ఆల్కలైన్, రీఛార్జబుల్ సెల్స్ షార్ట్ అయితే చాలా ఎక్కువ కరెంటు ఇస్తాయి, తీగ పట్టుకున్న వేళ్లు కాలతాయి. పాత సెల్‌ఫోన్ల లిథియం బ్యాటరీలను బడి గడప తొక్కనివ్వకండి. తీగల కోసం విజయవాడ గవర్నర్‌పేట ఎలక్ట్రికల్ షాపులకు వెళ్లొచ్చు. రాగి తీగ ముక్కలు, పాత అయస్కాంతాలు కావాలంటే ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో వెతకండి. పాడైన స్పీకర్లలో ఉండే గుండ్రటి అయస్కాంతం బడి పనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఆమ్లాలు, క్షారాల పాఠానికి: పసుపు, కిళ్లీ సున్నం, వంట సోడా, చాకలి సోడా, నిమ్మకాయలు, చింతపండు, మందార పూలు, వడపోత కాగితం, పాత మందు సీసాలు. గుంటూరులో అయితే పట్నంబజారులో ఒక్క పూటలో అన్నీ అయిపోతాయి. నేలల పాఠానికి రెండున్నర అంగుళాల పీవీసీ పైపును 20 సెంటీమీటర్ల ముక్కలుగా కోయించండి, పది ముక్కలు. కొలపాత్రల బదులు సూది తీసేసిన కొత్త 20 మి.లీ. సిరంజీలు వాడండి. గాజు కొలజాడీ కన్నా చవక, పగలదు, పిల్లలకు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇవన్నీ ఒక రేకు పెట్టెలో, పాఠానికో గుడ్డ సంచి చొప్పున పెట్టండి. సంచి మీద వస్తువుల పేర్లతో పాటు లెక్క కూడా రాయాలి. "బల్బులు" అని రాస్తే సరిపోదు, "బల్బులు 26" అని రాయండి. సాయంత్రం లెక్క చూసుకునే అలవాటు దానితోనే వస్తుంది.

మొదటిసారి: బల్బు వెలిగించడం

మొదట ఈ ప్రయోగాన్నే ఎంచుకోండి. ఛాత్రోపాధ్యాయులు "ఇది మాకు వచ్చుగా" అనుకునేది ఇదే, తెలియని సంగతులు ఎక్కువ బయటపడేదీ ఇదే.

గుంపుకు రెండు సెల్స్ ఇవ్వండి. కాగితం గొట్టంలా చుట్టి, ఒకదాని వెనక ఒకటి పెట్టి టేపు వేసి ఉండాలి. ఒక బల్బు, ఒకే ఒక్క 15 సెంటీమీటర్ల తీగ. హోల్డరు ఇవ్వకండి. హోల్డరులో బల్బు బిగిస్తే దానికి రెండు చోట్ల తీగ తగలాలన్న సంగతి కనపడకుండా పోతుంది. నేర్చుకోవాల్సిందంతా అక్కడే ఉంది.

సామాను ఇవ్వకముందే ఒక పని చేయించాలి. ఎలా కలిపితే వెలుగుతుందో ఎవరికి వారు నోట్‌బుక్కులో బొమ్మ గీయాలి. రబ్బరు వాడకూడదు. తర్వాత సామాను ఇచ్చి ఇరవై నిమిషాలు వదిలేయండి. పేజీని రెండుగా మడిచి, వెలిగిన అమరికలన్నీ ఎడమవైపు, వెలగనివన్నీ కుడివైపు గీయమనండి. వెలగనివి కనీసం నాలుగు ఉండి తీరాలి. వెలగనిదాన్ని కూడా శ్రద్ధగా గీయడం అలవాటైన టీచరే రేపు పిల్లవాడు "నాది వెలగలేదు టీచర్" అంటే విసుక్కోకుండా "ఏదీ, గీసి చూపించు" అనగలరు.

ఇప్పుడు రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి, వెలిగిన బొమ్మలన్నిటిలో ఉమ్మడిగా ఏముందో వాళ్లనే చెప్పమనండి. బల్బు కింద ఉన్న బొడిపె ఒక చివరకు, పక్కనున్న లోహపు తొడుగు ఇంకో చివరకు తగులుతున్నాయని మెల్లగా బయటికొస్తుంది. అప్పుడు ఒక మాడిపోయిన బల్బును భూతద్దం కింద పెట్టి, ఫిలమెంటు నుంచి దిగిన రెండు కడ్డీలు ఎటు వెళ్తున్నాయో చూడమనండి. నిర్వచనం చెప్పడం, "వలయం" అనే మాట నల్లబల్ల మీద రాయడం దీని తర్వాతే.

మొదట గీసిన బొమ్మల్ని పారేయకండి. సెల్ నుంచి బల్బుకు ఒక్క తీగే గీసి వదిలేసినవి అందులో తప్పకుండా ఉంటాయి. పిల్లలూ అదే గీస్తారు. కారణం ఇంట్లోనే ఉంది. ఫ్యానుకీ, ఛార్జరుకీ పైకి ఒకే వైరు కనిపిస్తుంది. పాడైన ఛార్జరు వైరు ఒకటి తెచ్చి, బ్లేడుతో నిలువునా చీల్చి లోపలున్న రెండు తీగల్ని చూపిస్తే ఆ అపోహకు మందు వేసినట్టే. బ్లేడు మాత్రం టీచరు చేతిలోనే ఉండాలి.

రెండో అపోహ, కరెంటును బల్బు తినేస్తుందని. రెండు బల్బుల్ని వరసగా కలిపి, మూడు సెల్స్ పెట్టి వెలిగించమనండి. మొదటిది తినేస్తే రెండోది మసకబారాలి కదా? రెండూ ఒకేలా వెలుగుతాయి. అయితే ఇక్కడో ప్రమాదం ఉంది. ఒకే డబ్బాలోని బల్బులు కూడా అన్నీ ఒకేలా ఉండవు. తేడా ఉన్న జత పడితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వెలిగి, తప్పు ఆలోచనకు మీరే రుజువు ఇచ్చినట్టవుతుంది. ముందురోజే జతలు సరిచూసి, మార్కరుతో గుర్తు పెట్టుకోండి. ఆ జాగ్రత్త తీసుకున్నా తేడా వస్తే, రెండు బల్బుల చోట్లు మార్చి చూడమనండి. మసకగా ఉన్న బల్బు ఎక్కడ పెట్టినా మసకగానే వెలిగితే తేడా బల్బుదే గానీ చోటుది కాదు.

మాట విషయంలో కూడా జాగ్రత్త. తెలుగులో "కరెంటు పోయింది" అంటే ఇంట్లో చీకటి పడిందని. టీచరు "తీగ గుండా కరెంటు పోతోంది" అంటే ఆరో తరగతి పిల్లలకు రెండూ కలగాపులగం అవుతాయి. "పారుతోంది", "ప్రవహిస్తోంది" అనే మాటలు వాడటం ఛాత్రోపాధ్యాయులకు మొదటి నుంచే అలవాటు చేయండి.

రెండోసారి: లోపం వెతకడం

శిక్షణ అంతటిలో దీనికే ఎక్కువ విలువ. ఎనిమిది సెట్లు ముందే పాడుచేసి బల్లల మీద పెట్టండి. ఒక్కో బల్ల దగ్గర రెండు నిమిషాలు, తర్వాత గంట కొట్టగానే పక్క బల్లకు.

పాడుచేసే తీరు ఇలా ఉండొచ్చు. ఒకచోట మోటారు వైండింగ్ తీగను గీకకుండా పెట్టండి. దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది, చూడటానికి మెరిసే రాగిలాగే ఉంటుంది గానీ కరెంటును రానివ్వదు. ఒకచోట ఫిలమెంటు తెగిన బల్బు. ఒకచోట 6 వోల్టుల బల్బు, రెండు సెల్స్‌కు అది సరిగా వెలగదు. ఒకచోట రెండు సెల్స్ ఎదురెదురుగా. ఒకచోట సెల్ టోపీ మీద కనపడనంత పలుచగా సెలోటేపు. ఒకచోట పైతొడుగు బాగానే ఉండి లోపల తెగిన తీగ. ఒకచోట రెండు తీగలూ బల్బు బొడిపెకే తగిలించి ఉంటాయి. ఇక్కడ తీగ వేడెక్కుతుంది, సెల్ అయిపోతుంది, కాబట్టి ఒక చివర వదులుగా ఉంచి, వాళ్లు కలిపి చూసుకునేలా పెట్టండి. ఆఖరుది తలకిందులుగా పెట్టిన ఎర్ర ఎల్‌ఈడీ. దానికి 100 ఓమ్‌ల రెసిస్టరు వరసలో కలపడం మరిచిపోకండి.

వెతకడంలో క్రమం ఉండాలి, గుడ్డిగా అన్నీ కదపకూడదు. బాగా వెలుగుతున్న ఒక బల్బు, బాగా పనిచేసే ఒక సెల్ జత ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. ముందు మంచి బల్బు పెట్టి చూడాలి, వెలిగితే లోపం బల్బుది. వెలగకపోతే మంచి సెల్స్. ఆపైన తీగ చివరలు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చి వెలిగిస్తే లోపం పోతుంది గానీ ఎక్కడుందో తెలియదు. ఈ ఒక్క సూత్రాన్ని చేతికి అలవాటు చేసినా సైన్సు పద్ధతిలో సగం నేర్పినట్టే.

బల్లకు రెండు నిమిషాల చొప్పున కనీసం ఆరు బల్లల దగ్గర లోపం పట్టగలిగినవాళ్లు తరగతికి సిద్ధం. దాటలేనివాళ్ల చేత మరుసటి వారం మళ్లీ చేయించండి, ఈసారి లోపాల వరస మార్చి.

పసుపు: ఇంటి నుంచి తరగతికి

సూచికల (ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే పదార్థాల) పాఠానికి లిట్మస్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. దుగ్గిరాల పసుపు యార్డు మన పక్కనే ఉంది. కొమ్ములు కొని దంచించుకోండి. బజారులో విడిగా అమ్మే పొడిలో మెటానిల్ ఎల్లో రంగు కలిసి ఉండే అవకాశం ఉంది. ఆ రంగు గాఢమైన ఆమ్లంలో ఎర్రబడుతుంది. అంటే ఆమ్లంలో పసుపుగానే ఉండాల్సిన సూచిక ఎర్రబడి పాఠం మొత్తం తారుమారు కావచ్చు.

ఒక టేబుల్ స్పూను పొడిని కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి వడపోత కాగితానికి పూసి, ఆరాక 1 సెం.మీ. పట్టీలుగా కత్తిరించడం పుస్తకాల్లో ఉన్న పద్ధతే. అది పనిచేస్తుంది, కాకపోతే కాగితం మచ్చలు మచ్చలుగా వస్తుంది. పసుపులోని రంగు పదార్థం కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. ఒక టీ స్పూను పొడిని 50 మి.లీ. సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పది నిమిషాలు ఆగి, పైతేటలో కాగితం ముంచి తీస్తే ఒకే తీరు పసుపు రంగు వస్తుంది. నీడలోనే ఆరబెట్టాలి. ఎండ తగిలితే పసుపు రంగు వెలిసిపోతుంది. ఈ పని ఛాత్రోపాధ్యాయులు ముందురోజే, కిటికీలు తీసి, దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చేయాలి. పిల్లల చేతికి స్పిరిట్ ఇవ్వకూడదు, ఆరిన పట్టీలు మాత్రమే ఇవ్వాలి. స్పిరిట్ ఉన్న రోజు కొవ్వొత్తి ప్రయోగం పెట్టుకోవద్దు.

సున్నపు తేటకు: కిళ్లీ సున్నం ఒక టీ స్పూను, అర లీటరు నీళ్లు. బాగా కలిపి రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారాక పైతేటను మెల్లగా వేరే సీసాలోకి వంచి, మెడదాకా నింపి బిరడా బిగించండి. సగం ఖాళీ ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడుతో పైన తెట్టు కడుతుంది, తేట బలం తగ్గిపోతుంది. ఇది చూడటానికి మంచినీళ్లలాగే ఉంటుంది కాబట్టి సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. మంచినీళ్ల సీసాలో అసలే పోయకండి. సున్నం కంట్లో పడటం ఈ పెట్టె మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరం. పడితే వెంటనే ధారగా నీళ్లు పోస్తూ కనీసం 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే ఈ పాఠం రోజు బకెట్టు నీళ్లు, మగ్గు తరగతి గదిలోనే ఉండాలి.

ఇప్పుడు చేయించే తీరు. గుంపుకు ఆరు మూతలు, ఒక్కోదాంట్లో పది చుక్కలు: నిమ్మరసం, చింతపండు రసం, మజ్జిగ తేట, ఉప్పు నీళ్లు, చాకలి సోడా నీళ్లు, సున్నపు తేట. ముంచకముందే ఏది ఏ రంగులోకి మారుతుందో రాసుకోవాలి. సున్నపు తేటలో పట్టీ ఎర్రబడగానే ఎవరో ఒకరు "పారాణి!" అంటారు. అనకపోతే మీరు తొందరపడి చెప్పకండి, "ఈ రంగు ఎక్కడైనా చూశారా?" అని మాత్రం అడగండి. పెళ్లికూతురి కాళ్లకు పూసే పారాణి పసుపు, సున్నం కలిపిందేనన్నది పిల్లల నోటి నుంచి వస్తే ఆ పాఠం ఇక మరుపురాదు. ఆ ఎర్ర పట్టీ మీదే నిమ్మరసం చుక్క వేయమనండి. మళ్లీ పసుపు. "మరి పారాణి మీద నిమ్మకాయ రుద్దితే?" అని అడిగి ఇంటికి పంపండి.

తప్పకుండా వచ్చే చిక్కు వంట సోడాతో. దాని పీహెచ్ (ఆమ్ల, క్షార బలాన్ని చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 8 దాటి కాస్త ఎక్కువ, అంతే. పసుపు రంగు మారడం మొదలయ్యేదీ ఆ చుట్టుపక్కలే. అందుకని కొన్ని గుంపులకు నారింజ, కొన్నింటికి అసలు మార్పు లేదు అనిపిస్తుంది. ఛాత్రోపాధ్యాయులు కంగారుపడి "అది కూడా ఎరుపే రాయండి" అంటారు. అక్కడే వాళ్లను ఆపండి. చూసింది రాయాలి, రావాల్సింది కాదు. మొదటి రోజు వంట సోడా పక్కనపెట్టి, చాకలి సోడాతో స్పష్టమైన ఎరుపు చూశాక, రెండో రోజు వంట సోడాతో పాటు మందార రేకుల రసం ఇవ్వండి. మందారం ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. ఒక్కో సూచిక ఒక్కో చోట రంగు మారుతుందన్న సంగతి పిల్లలే గమనిస్తారు.

మరో చిన్న మాట. "యాసిడ్" అనగానే మన పిల్లలకు బాత్రూం కడిగే సీసా గుర్తొస్తుంది. నిమ్మకాయలోనూ, మజ్జిగలోనూ ఆమ్లం ఉందంటే భయపడే పిల్లలున్నారు. దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడాకే పట్టీలు పంచాలి. ప్రయోగంలో వాడినదేదీ నాలుక మీద పెట్టకూడదన్నది కూడా అప్పుడే చెప్పాలి.

కొవ్వొత్తి ప్రయోగం: జవాబే తప్పయితే?

పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, పైన బోర్లించిన గాజు గ్లాసు. కొవ్వొత్తి ఆరిపోయాక నీళ్లు గ్లాసులో పైకెక్కుతాయి. "గాలిలో అయిదోవంతు ఆక్సిజన్ ఖర్చయింది, ఆ చోటుకి నీళ్లు వచ్చాయి" అని తరతరాలుగా చెబుతూ వస్తున్నారు. ఈ వివరణ తప్పు. మంట ఆరేటప్పటికి గ్లాసులో ఇంకా బోలెడు ఆక్సిజన్ మిగిలే ఉంటుంది, మండేటప్పుడు కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి పుడతాయి కూడా. నీళ్లు పైకెక్కడానికి ముఖ్య కారణం వేడి. మంట వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోతుంది, ఆరాక మిగిలినది చల్లబడి సంకోచిస్తుంది, బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి తోస్తుంది.

ఛాత్రోపాధ్యాయుల చేత ఇదే ప్రయోగం ఒక కొవ్వొత్తితో ఒకసారి, మూడు కొవ్వొత్తులతో ఇంకోసారి చేయించండి. గ్లాసు అదే, నీళ్లు అంతే. మూడింటితో నీటిమట్టం ఎక్కువ ఎత్తుకు వస్తుంది. గాలిలో ఉన్న ఆక్సిజన్ మారలేదు కదా, మరి ఎత్తు ఎందుకు మారింది? గ్లాసు బోర్లించేటప్పుడు అంచుల కింద బుడగలు వస్తాయేమో చూడమనండి. నీళ్లు మంట మండుతున్నంతసేపూ మెల్లగా ఎక్కుతున్నాయా, ఆరాక ఒక్కసారిగా ఎక్కుతున్నాయా చూడమనండి. వాళ్లు ఏళ్ల తరబడి నమ్మిన జవాబు వాళ్ల చేతుల్లోనే కూలిపోవడం ఈ శిక్షణలో తప్పనిసరి. పుస్తకం చెప్పినదాన్ని కూడా ప్రయోగంతో సరిచూడవచ్చన్న ధైర్యం ఇక్కడ వస్తుంది. ఫ్యాను ఆపాలి, ఉక్కపోత భరించాలి, వేరే దారి లేదు.

నేలలో నీరు ఇంకడం

ఏడో తరగతి స్థాయి ప్రయోగం ఇది. పైపు ముక్కను 2 సెం.మీ. నేలలోకి దింపి, 200 మి.లీ. నీళ్లు పోసి, ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి, 200ని ఆ నిమిషాలతో భాగించాలి. కృష్ణ ఇసుకలో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. గుంటూరు వైపు తడిసిన నల్లరేగడిలో మాత్రం పీరియడే కాదు, బడి వదిలేసినా నీళ్లు అలాగే నిలిచి ఉంటాయి. కాబట్టి పూర్తిగా ఇంకేదాకా ఆగకుండా, పైపు లోపల స్కేలు నిలబెట్టి 15 నిమిషాల్లో మట్టం ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలిపించండి. దీనికి విరుద్ధంగా, ఎండకు నెర్రెలిచ్చిన రేగడిలో పోసిన నీళ్లు పగుళ్లలోంచి జారిపోయి ఇసుక కన్నా వేగంగా ఇంకినట్టు కనిపిస్తాయి. నేల తడిసి ఉబ్బి పగుళ్లు మూసుకున్నాక వేగం పడిపోతుంది. అదే చోట రెండోసారి, మూడోసారి పోసి కొలిపిస్తే తేడా తెలుస్తుంది.

మూడోసారి: 45 నిమిషాల్లో చేయించడం

ఇప్పుడు లెసన్ ప్లాన్. పీరియడును ఇలా విడగొట్టండి: ప్రశ్న, ఊహ రాయడం 6 నిమిషాలు, సూచనలు, సామాను పంపకం 4, చేయడం 18, చర్చ 12, సర్దడం 5. కొత్తవాళ్లు చేయడానికి 30 నిమిషాలు వదిలి చర్చను గంట కొట్టాక మొదలుపెడతారు. చర్చ లేకపోతే అది ఆటగానే మిగిలిపోతుంది.

సూచనలన్నీ అయ్యాకే సామాను పంచాలి. చేతిలో అయస్కాంతం ఉన్న పిల్లవాడికి టీచరు మాట వినపడదు. నలుగురిలో ఒకరు సామాను తేవాలి, ఒకరు చేయాలి, ఒకరు రాయాలి, ఒకరు ప్రశ్న అడగాలి. వారం వారం ఈ పనులు మారాలి. లేకపోతే ప్రతి గుంపులో చురుకైన ఒక్కరే చేస్తారు, అబ్బాయిలున్న గుంపుల్లో అమ్మాయిలు రాస్తూనే ఉండిపోతారు. బెంచీలు లేని గది అయితే మంచిదే, నేల మీద గుండ్రంగా కూర్చుంటే అందరి చేతులూ అందుతాయి.

గుంపుల మధ్య తిరిగేటప్పుడు ఛాత్రోపాధ్యాయులు రెండు చేతులూ వెనక్కి కట్టుకోవాలి. ఇది అక్షరాలా పాటించాలి. పిల్లల తీగ పట్టుకుని సరిచేయాలన్న తహతహ కొత్త టీచర్లకు ఉండే పెద్ద బలహీనత. చేతుల బదులు మాట వాడాలి: "కరెంటు ఎక్కడ బయల్దేరి ఎటు వెళ్తుందో వేలితో చూపించు." వేలు ఆగినచోటే లోపం ఉంటుంది, ఎక్కువసార్లు పిల్లలే పట్టేస్తారు. ఎవరూ పట్టలేకపోతే జేబులోని మంచి బల్బు ఇవ్వండి, కారణం మాత్రం చెప్పకండి.

పరిశీలించే అధ్యాపకుడు 45 గళ్ల కాగితం తీసుకుని నిమిషానికో గడి నింపాలి. టీచరు మాట్లాడుతుంటే "టీ", పిల్లల చేతుల్లో సామాను కదులుతుంటే "చే", పిల్లలు తమలో తాము ఆ విషయమే మాట్లాడుకుంటుంటే "పి", ఏమీ జరగకుండా ఎదురుచూస్తుంటే "ఖా". 15 దాటి "చే" లేకపోతే పాఠం మళ్లీ చేయాలి. చార్టు ఎంత అందంగా ఉంది, అక్షరాలు ఎంత ముత్యాల్లా ఉన్నాయి అని మార్కులేసే అలవాటు మానకపోతే పైన చెప్పినదంతా వృథా. ఛాత్రోపాధ్యాయులు మార్కులు ఎక్కడ ఉంటే అక్కడే కష్టపడతారు. అది న్యాయమే.

ఇంటర్న్‌షిప్‌లో

రెండేళ్ల బి.ఎడ్‌లో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. మొదటి వారంలో హెడ్మాస్టరును, సైన్సు స్కూల్ అసిస్టెంటును కలిసి మూడు విషయాలు తేల్చుకోండి: వారానికి ఒక జంట పీరియడు, నీళ్ల వసతి, పెట్టె పెట్టుకోవడానికి తాళం ఉన్న బీరువా. నీళ్లు లేకపోతే అయిదేసి లీటర్ల క్యాన్లు రెండు మీరే తీసుకెళ్లాలి. మెంటారు టీచరుకు సిలబస్ ఒత్తిడి ఉంటుంది, దాన్ని గౌరవించండి. ఆయన చెప్పబోయే పాఠంలోని కృత్యాన్నే ఎంచుకుంటే మీ పీరియడు ఆయనకు భారం కాదు.

కాలాన్ని బట్టి ప్రయోగాలు సర్దుకోండి. జూన్ నుంచి అక్టోబరు దాకా మన గాలిలో తేమ ఎక్కువ, జుట్టుకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగదు, విద్యుదావేశం దువ్వెన మీద పట్టిన తేమ గుండా కారిపోతుంది. స్థిర విద్యుత్తు పాఠం డిసెంబరు, జనవరిలో ఉదయం మంచు విడిచాక పెట్టుకోండి. మొక్కల ప్రయోగాలు, విత్తనాలు మొలకెత్తించడం వానాకాలంలో. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పీరియడు కుదించుకుపోతుంది, అప్పుడు పొడవైన ప్రయోగాలు పెట్టుకోవద్దు.

చివరి వారం పెట్టె సర్దడం కూడా శిక్షణలో భాగమే. టేపు విప్పి సెల్స్ విడివిడిగా పెట్టాలి, అలాగే వదిలేస్తే కారి తుప్పు పడతాయి. సున్నపు తేట పారబోసి సీసా కడగాలి, మిగిలిన పసుపు పట్టీలు నల్లటి కవరులో వేయాలి. మాడిన బల్బుల్ని పారేయకుండా విడిగా ఒక డబ్బాలో పోయండి, వచ్చే బ్యాచ్‌కు లోపం వెతికే బల్లల మీద అవి కావాలి. మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి, ఏ ప్రయోగం ఏ తరగతిలో ఎందుకు పాడైందో, ఎలా సరిచేశారో తేదీతో సహా రాసి తాళం వేయండి.